ఇడ్లీ బొంత

ఆ రోజుల్లో హోసూరులో మెడలో టేపు వేసుకున్న ప్రతివాడికీ పొగరుతో కాస్త తల తిరిగేది. పంతొమ్మిదేళ్లకే దర్జీ అంగడిలో కత్తెర పట్టిన నాకు ఇంకాస్త ఎక్కువే తిరిగింది. మా బంధువులు ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా, తళిలో ఉండే మా మేనత్త కుట్టిన ‘ఇడ్లీ బొంత’ను తలుచుకుని పడీ పడీ నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అత్త కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మాలో బిడ్డ తన తండ్రి ఇంటికి వెళ్లేటప్పుడు అమ్మమ్మ కుట్టిన బొంత వెంట వెళ్లాలి. అత్త పాత చీరలు మూటగట్టుకుని, కొలతకు రెండు అట్టముక్కలతో (ఆరు మూలలది ఒకటి, మూడు మూలలది ఒకటి) బస్సెక్కి మా అంగడికి వచ్చింది. “కుట్టుకి అట్ట చుట్టూ అర వేలు వెడల్పు వదిలి కొయ్యప్పా” అంది. “నాకే చెప్తావా అత్తా?” అన్నాను. ఆరు మూలల ముక్కలు చెప్పినట్టే కోశాను. మూడు మూలలవాటి దగ్గరికొచ్చేసరికి విసుగెత్తి, అట్ట అంచు వెంబడే కత్తెర లాగించేశాను. కుట్టుకు పోగా అవి చిన్నవైపోయాయి. పాపం అత్త ఎలాగో లాగి లాగి కలిపితే, ఆరు మూలల ముక్కలన్నీ పైకి ఉబ్బాయి.

బిడ్డను తీసుకుపోవడానికి డెంకణికోట నుంచి వచ్చిన వియ్యపురాలు బొంత పరిచి చూసింది. “ఏం వదినా, ఇడ్లీలు పోసినారే! బిడ్డని యాడ పండబెట్టేది?” ఇల్లంతా గొల్లుమంది. ఆ రోజు అక్కడే ఉన్న నావైపు అత్త కోపంగా తిరిగి, “రేయ్, నువ్వు సరిగ్గా కోసినావా?” అంది. “నీ చెయ్యి వణికితే నా కటింగ్‌కి తప్పు పెడతావా!” అని అంతమందిలో అరిచాను. (తప్పెక్కడుందో అరిచేటప్పుడే నాకు తెలుసు.) అత్త తన చేతులవంక చూసుకుంది. అంగట్లో కొన్న కంబళిలోనే బిడ్డను తీసుకుపోయారు. అత్త మళ్లీ సూది ముట్టలేదు.

నిరుడు ఆ బిడ్డకే బిడ్డ పుట్టాడని తెలిసి తళి వెళ్లి, ఉన్నదంతా చెప్పేశాను. ఓదారుస్తుందనుకున్నాను.

“ఇన్నేండ్లూ నా చేతిని నేనే తిట్టుకుంటిని కదరా పాపిష్టోడా!” అంటూ నెత్తిన టంగుమని మొట్టింది. “కత్తెర తీ! ఈడ కూర్చో! మూడు మూలలవి మళ్లా కొయ్యి. అర వేలు వదులు!”

కోశాను. సూదిలో దారం కూడా నేనే ఎక్కించాను. అత్త తిట్టుకుంటూనే ఆ పాత బొంతనే విప్పి మళ్లీ కుట్టి, నేల మీద పరిచి, అరచేత్తో నిమిరింది. ఎక్కడా ఉబ్బు లేదు.

“చూడు, యాడన్నా వణికిందా?”

“లేదత్తా,” అన్నాను. నెత్తి తడుముకుంటుంటే, మెడలో టేపుతో ఊరేగిన ఆ పంతొమ్మిదేళ్ల మాస్టరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి ఒత్తయిన క్రాపు మీద పడాల్సిన మొట్టికాయ, ఇన్నేళ్లు ఆగి నా బట్టతల మీద పడింది.