మునగని పడవ

నా పిచ్చి మొదలైంది పడవలకు రంగులు వేయడంతో. వేసవిలో సముద్రం మీద వేట నిషేధం పెట్టినప్పుడు మా ఊళ్లో పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి. మగాళ్లు వలలు బాగుచేసుకుంటారు. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ మా పడవకు రంగులు వేసే పని నాదే. నీలం మీద పసుపు పట్టీ ఎంత వెడల్పు ఉంటే ఒడ్డు నుంచి మన పడవని పోల్చుకోవచ్చో నాకు బాగా తెలుసు. పడవ ముక్కు మీద ఎర్ర మందారం వేసేవాణ్ణి. పక్కింటివాళ్లు అడిగితే వాళ్ల పడవకి ఇంకేదైనా పువ్వు వేసిపెట్టేవాణ్ణి గానీ మందారం మాత్రం వేసేవాణ్ణి కాదు.

రెండో పిచ్చి కంప్యూటర్ ఆటలు. శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మిగతావాళ్లు గెలవడానికి ఆడేవారు. నేను చూడటానికి ఆడేవాణ్ణి. ఆటలో మనిషి గెంతి నేల మీద పడగానే కాళ్ల దగ్గర కాస్త దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము పెట్టాలని ఎవడికి తోచిందా అని ఆలోచిస్తూ ఓడిపోయేవాణ్ణి. కెరటాల చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని కాలేజీ బస్సులో వినేవాణ్ణి. పక్క సీటువాడు చెవిలో పెట్టుకుని విని, "పాటలు లేవేట్రా నీ దగ్గర?" అని తిరిగి ఇచ్చేసేవాడు.

చదువయ్యాక మా అక్క మొగుడు, అంటే మా బావ, విశాఖలో తాను పనిచేసే కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. నేను వెళ్లనన్నాను. సొంతంగా ఒక ఆట తయారుచేస్తానన్నాను. నాన్నకి ఇదంతా ఏమీ అర్థం కాలేదు గానీ ఒక గడువు మాత్రం పెట్టాడు. "మళ్లీ పడవలు ఒడ్డెక్కేదాకా సూస్తాను. అప్పటికి ఏటీ తేలకపోతే బావ దగ్గరికి ఎలిపో."

నా ఆట చాలా మామూలుది. పడవని కెరటాలు దాటించాలి, వల వేయాలి, చేపలతో ఒడ్డుకి రావాలి. పెద్ద కెరటానికి అడ్డంగా దొరికితే పడవ బోల్తా పడి మునిగిపోతుంది. పడవకి మా రంగులే వేశాను, మందారంతో సహా. పడవ మునిగిపోతుంటే ఆ ఎర్రటి పువ్వు ఒక్కటే కాసేపు నీళ్లపైన కనబడి, తర్వాత అదీ పోయేది. ఆ కాసేపటి కోసం వారాలు కష్టపడ్డాను. అంత బాగా నేను ఏదీ చేయలేదని పొంగిపోయాను.

ఒక సాయంత్రం అమ్మ నరసన్నపేటలో చేపలు అమ్ముకుని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఫోన్ తీసుకెళ్లి చూపించాను. "మన పడవే" అని నవ్వింది. నా ఘనకార్యం చూపించాలని కావాలనే పడవని ముంచాను.

అమ్మ నవ్వు ఆగిపోయింది. "అందులో ఎవులున్నారు?" అంది.

"ఎవరూ లేరమ్మా, బొమ్మ."

"మరి నడిపిందెవులు?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నాన్న వేటకి బయల్దేరితే అమ్మ వల మీద కూర్చుంది. ఈ పూట వెళ్లొద్దంది. ఎందుకంటే చెప్పదు. మా ఇళ్లలో సముద్రం మీదికి వెళ్లే మనిషి ముందు చెడ్డమాట పైకి అనరు. అందుకని అమ్మ నోరు విప్పలేదు. కారణం తెలిసిన నేను కూడా గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాన్న బతిమాలాడు, తిట్టాడు, చివరికి తువ్వాలు విదిలించి పడుకున్నాడు. ఆ రోజు మిగతా పడవలన్నీ కానాగంత చేపలతో నిండి వచ్చాయి.

సాయంత్రం అమ్మ సంగతి చెప్పింది. నాన్న నావైపు తిరిగాడు. "ఊరంతా సేపలు తెచ్చుకుంటే మనం నీ బొమ్మని సూసి ఇంట్లో కూకున్నాం. ఇక సాలు. బావకి ఫోన్ సెయ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. బొమ్మకీ పడవకీ తేడా తెలియని ఇంట్లో పుట్టాను అని గట్టిగానే అన్నాను. అమ్మ అడ్డం వచ్చింది. "ఆపించొద్దు. ఆణ్ణి సెయ్యనీ. పడవ ములగకుండా సెయ్యమను."

మునగకపోతే భయం ఉండదు, భయం లేకపోతే ఆట ఉండదని వాదించాను. వాదించినా మునగడం తీసేశాను. ఏడుపు మొహంతోనే తీసేశాను. దాని బదులు పెద్ద కెరటం పడవని ఎత్తి, తిప్పి, ఖాళీ వలతో ఒడ్డుకి విసిరేసేలా మార్చాను. ఒడ్డున ఒక ఆవిడని పెట్టాను. ఆవిడ బుట్ట పక్కన పడేసి, తాడు పట్టుకుని పడవని పైకి లాగుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆడాలి. ఫోన్లో పంపితే నా క్లాస్‌మేట్ ఒకడు చప్పగా ఉందన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

నిషేధం వచ్చింది, పడవలు ఒడ్డెక్కాయి. నా ఆట ఇంకా సగంలోనే ఉంది. నాన్న అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. పక్కన అమ్మ నా ఫోన్ పట్టుకుని ఆడుతోంది. పడవ బయల్దేరడం, కెరటానికి తగలడం, ఒడ్డున పడటం, అంతే. ఎంతసేపు ఆడినా అదే వరస. నాన్న చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయాడు.

"అదేటే, ఎదురుగా కెరటం కనిపిస్తంటే అందులోకే ఎలతావు? పక్కకి తిప్పు."

"తిప్పడం నాకు వచ్చును."

"మరి?"

అమ్మ తలెత్తలేదు. "సేపలకి లోపలికి ఎలితే ఎప్పుడొస్తాడో తెలీదు. ఇలాగైతే బేగి ఇంటికొచ్చీస్తాడు."

నాన్న సూది వలలో గుచ్చి పెట్టాడు. ఇసుక మీద ఉన్న మా పడవకేసి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఒరే, ఈ ఏడు రానని మీ బావకి సెప్పీ."

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. అమ్మ ఇవ్వలేదు. పడవని అప్పుడే మళ్లీ కెరటానికి ఎదురు నడిపిస్తోంది.