ఏడో రోజున ఫెయిలైన వంతెన

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మార్చి నెలలో, నన్ను రాజమండ్రి నుంచి నరసాపురం వైపు నాణ్యతా విభాగం డీఈగా వేశారు. డీఈ అంటే సైటులో ఎండకు నిలబడే ఏఈకి పైన, చల్లగా కూర్చుని సంతకాలు పెట్టే ఈఈకి కింద ఉండే మనిషి. నాణ్యతా విభాగంలోనైతే ఆయన పని మరీ సులువు, ఇతరులు కట్టినదానికి వంకలు పెట్టడం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ విద్య నాకు బాగానే పట్టుబడింది.

అప్పటికే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చి ఉంది. ప్రతి సబ్‌డివిజన్‌లోనూ ఒక్క పనైనా తక్కువ కర్బనం సిమెంటుతో చేసి చూపించాలట. మామూలు సిమెంటుకు సున్నపురాయిని కొలిమిలో కాల్చాలి, పొగంతా ఆ కాల్చడంలోనే. దానికి బదులు ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము తీసేశాక మిగిలే చిట్టేన్ని మెత్తగా పొడి చేసి, కొంత మామూలు సిమెంటు కలిపితే అదీ గట్టిపడుతుంది. పైగా ఉప్పుగాలికి తొందరగా లొంగదు. మేస్త్రీలు దానికి ‘బూడిద సిమెంటు’ అని పేరు పెట్టేశారు. చిట్టెం వేరు, బూడిద వేరు అని నేను వివరించబోతే, “ఆయ్, రెండూ పారేసేవే కదండీ” అన్నారు.

ఆ సర్క్యులర్ పని మొగల్తూరు దగ్గర ఒక మురుగు కాలువ మీది చిన్న వంతెనకు తగిలింది. కాలువ అవతల మత్స్యకారుల పేట. పాత వంతెన ఇనుము తుప్పు పట్టి కూలిపోయింది. అప్పటినుంచి ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని మట్టికట్ట మీదుగా దాటుతున్నారు. వానలకు ఆ కట్ట కొట్టుకుపోతే నడుంలోతు నీళ్ళే దారి. కిందటేడు మంగమ్మ అనే ఆవిడ తట్టతో సహా జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నేను సైటుకు వెళ్ళిన మొదటి రోజే ఆవిడ జీపుకు అడ్డంగా వచ్చి, “వానల్లోపు అయిపోద్దాండీ?” అని అడిగింది. అయిపోతుందన్నాను. అలాంటి మాటలు అధికారుల నోట తేలిగ్గా వస్తాయి.

ఏప్రిల్‌లో శ్లాబు వేశారు. వేసిన రోజునే అదే కాంక్రీటుతో ఆరంగుళాల దిమ్మలు ఆరు పోస్తారు. మూడింటిని ఏడో రోజున, మూడింటిని ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పెట్టి నలిపి బలం చూస్తారు. మామూలు సిమెంటైతే ఏడో రోజుకే మూడింట రెండు వంతుల బలం వచ్చేస్తుంది. మా ఫారం అచ్చువేసింది ఆ లెక్కతోనే.

ఏడో రోజున మూడు దిమ్మల్ని జీపులో కొవ్వూరు వంతెన దాటించి రాజమండ్రి ల్యాబులో నలిపించాను. సగం బలం కూడా లేదు. పైగా విరిగిన దిమ్మ లోపల నీలిపచ్చగా ఉంది. నాచు పట్టిన కంకర వాడారనుకున్నాను. ఆ సైటు ఏఈ సునీత మా డిపార్టుమెంటుకు వచ్చి నాలుగేళ్ళయింది. ఆ రంగు చిట్టెం సిమెంటుకు సహజమని, గాలి తగిలితే పోతుందని చెప్పింది. “ఇది నిదానం సిమెంటండి. ఇరవై ఎనిమిదో రోజు దాకా ఆగండి సార్” అంది.

“నువ్వు అక్షరాలు దిద్దుకునేనాటికే నేను శ్లాబులు వేశానమ్మా” అన్నాను. ఫారంలో ‘ఫెయిల్, తొలగించవలెను’ అని రాసి పంపాను. వారం తిరక్కుండా సునీతకు సంజాయిషీ మెమో వచ్చింది.

ఇరవై ఎనిమిదో రోజున మిగిలిన మూడు దిమ్మలూ నలిపించాను. కావలసినదానికన్నా ఎక్కువ బలమే వచ్చింది. ల్యాబు వాళ్ళ ముందు సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానని రాద్దామంటే దారి లేదు. ఫారంలో ‘ఫెయిల్’ అని రాయడానికి గడి ఉంది గానీ ‘రాసినవాడు ఫెయిల్’ అని రాయడానికి లేదు. ఉత్తరం రాస్తే ఈఈ ఫోన్ చేశారు.

“ఫెయిలన్నదీ మీరే, పాసన్నదీ మీరే. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నేనేం చెప్పనండీ?”

“ఇరవై ఒక్క రోజులు జరిగాయండి” అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

జూన్‌లో తొలకరి పడ్డాక కూల్చివేత ఉత్తర్వు వచ్చింది, నా సమక్షంలోనే జరగాలని. కాంట్రాక్టరు బ్రేకరు బండి తెచ్చాడు, అంటే చేతికి పెద్ద ఇనుప ఉలి బిగించిన తవ్వకం యంత్రం. గట్లు బురదగా ఉన్నాయి. డ్రైవరు అటూ ఇటూ చూసి, బండిని సరాసరి శ్లాబు మధ్యకు ఎక్కించి, అంచున ఒక దెబ్బ వేశాడు. గుప్పెడు పెచ్చు లేచింది.

పేటంతా గట్టున చేరింది. మంగమ్మ నా పక్కనే ఉంది. “అదేంటండీ డీఈగారూ, పడిపోద్దన్నదాని మీదే అంత బండి ఎక్కించేశారు?”

ఆపమని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దిమ్మలు ఫెయిలైనా, కూల్చే ముందు బరువు పెట్టి పరీక్షించవచ్చని రూలుంది. ముప్పై ఏళ్ళలో నేను ఒక్కసారీ వాడని రూలు. కావలసిన బరువు శ్లాబు మీదే ఉంది. బండిని ఇరవై నాలుగు గంటలు కదపవద్దన్నాను. కుంగుదల కొలవడానికి ఏర్పాటేదని చూస్తే, శ్లాబు కింద ఈ చివర నుంచి ఆ చివరకు మేస్త్రీల దారం బిగించి ఉంది. పక్కన స్కేలు పట్టుకుని సునీత.

“ఇదెప్పుడు కట్టావమ్మా?”

“బండి రాకముందేనండి. అప్పటి కొలత కూడా రాసుకున్నాను, మీరు అడుగుతారేమోనని.”

మర్నాడు కొలిస్తే కుంగింది రూలు ఒప్పుకునేదానికన్నా చాలా తక్కువ. బండి దిగాక అదీ తిరిగి లేచింది. ‘కూల్చడానికి వచ్చిన యంత్రాన్ని వంతెన ఒక రోజంతా మోసినది. పగుళ్ళు లేవు. ఏడో రోజున నేను ఇచ్చిన అభిప్రాయం తప్పు’ అని గడులు లేని తెల్లకాగితం మీద రాసి పంపాను. జవాబు వచ్చింది: ‘కూల్చివేత వాయిదా వేయడమైనది. తదుపరి ఉత్తర్వుల వరకు వాడుకొనవచ్చును.’

ఆ వానాకాలం మంగమ్మ పొడికాళ్ళతో దాటింది. బ్రేకరు దెబ్బ పడిన చోట గుంట అలాగే ఉంది. పేటలో దాన్ని ‘డీఈగారి గుంట’ అంటారు. సునీత మెమో రద్దు కావడానికి మాత్రం మరో పదకొండు నెలలు పట్టింది.

నేను నేర్చుకున్నది ఇంతే. ఏ సరుకునైనా దాని గడువుకు పరీక్షించాలి, మన ఫారం గడువుకు కాదు. దగ్గర నిలబడి చూసిన మనిషి ఆగమంటే ఆగాలి. తదుపరి ఉత్తర్వులు ఇంకా రాలేదు. జనం దాటుతూనే ఉన్నారు.