బీడీల లెక్కలో మగవాళ్లు

అది 1997. నిజామాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. జిల్లాలోని పరిశ్రమలన్నీ మూడు నెలలకోసారి మాకు రిటర్న్ పంపేవి. అంటే తమ దగ్గర ఎందరు పనిచేస్తున్నారో తెలిపే వివరం. వాటిని కూడితే వచ్చే అంకెను ఎకనామిక్ ఇండికేటర్ అంటారు. వైద్యుడు నాడి చూసినట్టు, ఆ అంకెను బట్టి జిల్లా ఆర్థిక పరిస్థితిని అంచనా వేస్తారు. నా చదువు ఇంటర్‌తోనే ఆగిపోయింది. ఇదంతా జిల్లా గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నదే. పనివాళ్లు పెరిగారంటే సరుకుకు గిరాకీ పెరిగినట్టేనని అక్కడే చదివాను. ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాణ్ణి కూడా.

అంతకు ముందు సీజన్‌లో బోధన్ వైపు ఒక చిన్న ఖండసారి చక్కెర మిల్లు మూతపడింది. అంకె పడిపోతుందనుకున్నాం. పడలేదు. ఆ ప్రాంతంలోనే బీడీ పనివాళ్లు పెరిగి ఆ లోటు పూడ్చేశారు. బీడీలకు కొత్త గిరాకీ వచ్చిందని నేను సంబరపడి, తనిఖీకి నన్నే పంపమని ఆఫీసరును అడిగి మరీ వెళ్లాను.

బీడీ పని ఇళ్లలోనే జరుగుతుంది. కంపెనీ ఏజెంటు తునికాకు, తంబాకు, దారం ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకుంటాడు. పనివాళ్లకిచ్చే గుర్తింపు కార్డు ఆడవాళ్ల పేరు మీదే ఉంటుంది. ఆ కార్డుంటేనే పిఎఫ్ పొదుపు, పిల్లలకు స్కాలర్‌షిప్పు. మగవాడు బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటే వాడవాడంతా నవ్వుతుంది.

ఏజెంటు నాకు గంగామణి అనే ఆమె ఇల్లు చూపించి చాయ్ తాగడానికి పోయాడు. ఆమెది కొత్త కార్డు. పట్టపగలు తలుపు వేసి ఉంది. లోపల కత్తెర చప్పుడు. తట్టగానే ఆగిపోయింది. ఇంతలో వెనకనుంచి ఒకామె వచ్చింది. పసుపు కల్లంలో పనిచేసి వచ్చినట్టుంది, చేతులు పచ్చగా ఉన్నాయి.

"ఎవలు సారూ? మీటర్ జూసెటోళ్లా?"

"కాదక్కా, పనోళ్ల లెక్క రాసెటోణ్ణి. గంగామణివి నువ్వేనా? బీడీలు చేసేది నువ్వేనా?"

"నేనే. కార్డు నా పేరు మీదనే ఉన్నది గద."

"మరి లోపట కత్తెర ఎవరిది?"

తలుపే తెరుచుకుంది. ఎదురుగా సాయిలు, ఆమె భర్త. మూతపడ్డ మిల్లులో అతను పాన్‌మ్యాన్, అంటే చక్కెర పాకం ఉడికించే మనిషి. ఆవిర్ల మధ్య నిలబడి పదిమందిని ఉరుకులు పెట్టించగా మిల్లు తనిఖీకి వెళ్లినప్పుడు నేనే చూశాను. ఇప్పుడు అతని చేతిలో చాట ఉంది. అతని వెనక గోడవారన ఇంకో ఇద్దరు మిల్లు మనుషులు తలలు దించుకుని ఆకు కత్తిరిస్తున్నారు. నేను వెతుక్కుంటూ వచ్చిన కొత్త గిరాకీ అంటే మిల్లు పోయిన ఈ మగవాళ్లే.

"గట్ల జూస్తవేంది సార్, కూసో," అన్నాడు సాయిలు. "పాకం వట్టిన చేతులే. గిప్పుడు దారం గడుతున్నయి."

"దారమన్న సక్కగ గడుతడా? సగం బీడీలు ఏజెంటు ఏరి పారేస్తడు," అంది గంగామణి. వెంటనే గొంతు తగ్గించింది. "ఏజెంటుకు జెప్పకు అన్నా. కార్డున్నోళ్లే చెయ్యాలంటడు. బంద్ వెట్టిండంటే మా పిల్ల సదువు ఆగుతది. పసుపు పని ఎన్నాళ్లుంటది?"

"ఒక్కటి జెప్పు సార్," అన్నాడు సాయిలు. "మీ లెక్కల నేను కొలువున్నోణ్ణా, లేనోణ్ణా?"

నేను ఫారం తీసి, లోపలున్న ముగ్గురినీ లెక్కపెట్టుకున్నాను.

ఏజెంటు తిరిగొచ్చేసరికి తలుపు మళ్లీ మూసి ఉంది. "అంత బరాబరేనా సార్?" అన్నాడు. "నాకు కావాల్సింది దొరికింది," అని బస్సెక్కాను.

మా ఫారంలో పనివాళ్ల పేర్లు అక్కర్లేదు. ఆడ, మగ అని రెండు గళ్లు మాత్రం ఉంటాయి. ఆ ముగ్గురినీ నేను మగ గడిలో రాశాను.

"బీడీలల్ల మగోళ్లేందయ్యా? గడి తప్పినట్టున్నవ్, దిద్దు," అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

"తప్పలేదు సార్. కండ్లతోటి చూసిన."

ఆయన నవ్వు ఆగిపోయింది. "మిల్లోళ్లేనా?" అన్నాడు. అవునన్నాను. దిద్దమని మళ్లీ అనలేదు. కానీ పైకి పోయిన రిపోర్టులో రెండు గళ్లూ కలిసిపోయాయి. జిల్లాలో ఉపాధి తగ్గలేదని అచ్చయింది.

గంగామణి కార్డు బంద్ కాలేదు. అంకె నిలబడినంత మాత్రాన మనుషులు నిలబడ్డట్టు కాదని నాకు ఆ ఇంట్లో తెలిసింది. తర్వాత ఎక్కడికి తనిఖీకి వెళ్లినా, ఫారంలో లేని ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "దీనికి ముందు ఏం పని చేసేవారు?" ఆ మాట వినగానే చాలామంది నడుం నిటారుగా చేసుకుని జవాబు చెప్పేవారు.