వెర్నా డెలోర్మ్ సగమే చూసిన నాటకం

విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తరపు అంచున ఉన్న టామరాక్ ఫాల్స్ అనే కాగితపు మిల్లు పట్టణంలో, పట్టణ గ్రంథాలయాన్ని నిర్వహిస్తూ, స్థానిక వారపత్రికకు పుస్తకాల మీద, నాటకాల మీద, చలనచిత్రాల మీద విమర్శలు వ్రాస్తూ వచ్చిన వెర్నా డెలోర్మ్‌కు మిత్రులకంటె భయపడేవారే ఎక్కువ. ఇందుకు ఆమె ముక్కుసూటితనం కొంతవరకు, ఆ పట్టణపు మర్యాద మరికొంతవరకు కారణం. చర్చి విందులో ఎవరి వంటకమైనా మాడిపోయినప్పుడు "పాపం, ఎంతో కష్టపడి చేశారు" అనడమే అక్కడి ఆచారం. ఊరివారు ఆడిన నాటకానికి కూడ అదే మర్యాద చెల్లుతుంది. వెర్నా మాత్రం మాడినదానిని మాడినదనే వ్రాసేది.

ఆమె పద్ధతి ఆమెకుండేది. ఏ రచన ముందు కూర్చున్నా, ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని మాట్లాడనివ్వలేదు, ఆ మౌనం వల్ల ఎవరికి మేలు జరుగుతున్నది అని విచారించేది. రచయిత ఉద్దేశం ఎంత ఉదాత్తమైనదైనా ఆమె దానిని లెక్కలోనికి తీసుకొనేది కాదు.

"ఉద్దేశాలు మీ ఇంట్లో దాచుకోండి. వేదిక మీద ఏం పెట్టారో అదే నేను చూసేది," అని ఉన్నత పాఠశాల నాటకోపాధ్యాయుడు రోలండ్ పెట్ష్‌తో ఆమె పలుమార్లు అన్నది.

అటువంటి మనిషి స్వయంగా పప్పులో కాలు వేయడం 1974వ సంవత్సరపు వేసవిలో జరిగింది.

మిల్లు స్థాపించి డెబ్బది అయిదేండ్లు నిండిన సందర్భంగా, యజమాని స్ట్రాహన్ ప్రోత్సాహంతో, పెట్ష్ పట్టణ చరిత్రను నాటకంగా కూర్చాడు. మొదటి ప్రదర్శన బుధవారం మధ్యాహ్నం పాఠశాల ఆటల హాలులో ఏర్పాటయింది. పత్రిక అచ్చుకు పోయేది కూడ ఆ సాయంకాలమే. నాటకానికి ముందు మిల్లు పెద్దల ఉపన్యాసాలు ఎంతకూ తెమలలేదు. విరామ సమయానికే పత్రికకు వేళ మించిపోవచ్చింది. పెట్ష్ ముందుగా పంపిన నాటక ప్రతిని వెర్నా పూర్తిగా చదివి ఉన్నది. మిగిలిన సగంలో జరుగబోయేది తనకు తెలుసుననుకొని, ఆమె లేచి వెళ్లి, విమర్శ వ్రాసి ఇచ్చింది.

ఆ విమర్శలో ఒక వాక్యం ఇది: "మిల్లులో పూర్వం జరిగిన సమ్మెను చూపిన దృశ్యంలో మగవారు ఉపన్యసిస్తారు, యజమాని కరచాలనం చేస్తాడు, ఆడవారు ఆద్యంతం బంగాళాదుంపలు చెక్కు తీస్తారు; వారిలో ఒక్కరైనా నోరు మెదపరు."

మరునాడు పత్రిక వెలువడిన గంటకే ఐలీ కోస్కి గ్రంథాలయం తలుపు తోసుకొని వచ్చింది. ఈమె ఆ దృశ్యంలో బంగాళాదుంపలు చెక్కిన స్త్రీలలో ఒకతె. నిజమైన సమ్మెనాడు కూడ, ఇరవై దాటిన వయస్సులో, చర్చి నేలమాళిగలో సమ్మెకారులకు వండిపెట్టిన మనిషి.

"ఏమమ్మా వెర్నా, కళ్లద్దాలు మార్పించుకోవా? నేను నోరు మెదపలేదా?"

"నాటక ప్రతిలో మీకు మాటలు లేవు కదా, మిసెస్ కోస్కి."

"ప్రతిలో లేవు. అందుకే లేచి నిలబడ్డాను! కత్తి పక్కన పెట్టి, స్ట్రాహన్ వేషం వేసినవాడి మొహం మీదే అడిగాను. చేతులు కలిపింది మీరు, కుండలు మోసింది మేము. సమ్మె ముగిశాక పనిలోకి రమ్మని గేటు దగ్గర పేర్లు పిలిచినప్పుడు మా ఆయన పేరు ఎందుకు పిలవలేదు? అని. ముప్ఫై ఏళ్లకు పైగా మింగుకున్న మాట. ఊరంతా విన్నది, రాసేదానివి నువ్వొక్కదానివే వినలేదు. ఎక్కడికి పోయావు?"

వెర్నా అబద్ధమాడలేదు. "విరామంలో వెళ్లిపోయాను," అన్నది.

"సిగ్గులేదూ?"

"ఉంది."

ఐలీ బల్ల మీది పత్రికను బోర్లించిపెట్టి వెళ్లిపోయింది.

వేదిక మీద ఉన్నదే చూస్తానని అందరికి బోధించిన తాను, కాగితం మీద ఉన్నదానిని చూసి తీర్పు చెప్పింది. ఎవరిని మాట్లాడనివ్వలేదని ప్రశ్నించే తానే, మాట్లాడిన మనిషి నోరు అచ్చులో నొక్కివేసింది. ఈ సంగతి వెర్నాకు మరొకరు వివరించనక్కరలేకపోయింది.

ఆ మధ్యాహ్నమే సంపాదకుడు ఆర్విడ్ లుంద్ పిలిపించాడు. ఆయన మంచివాడు, పిరికివాడు.

"స్ట్రాహన్ ఫోన్ చేశాడు వెర్నా. నాటకం చూడకుండా రాసింది కాబట్టి విమర్శ మొత్తం అబద్ధం, ఉపసంహరించుకోవాలి అంటున్నాడు. క్షమాపణ నేనే తయారుచేశాను. సంతకం పెట్టు, నీ శీర్షిక నీకుంటుంది."

వెర్నా చదివింది. "ఇందులో 'నాటకం నిష్పక్షపాతమైన చరిత్ర' అని కూడా ఉందే. అది కాదనడం నా తప్పు ఎప్పుడయింది?"

"ఒక్క ముక్కే కదా."

"ఒక్క వాక్యం తప్పు రాశాను, ఆర్విడ్. ఆ వాక్యానికి మొదటి పేజీలో పెద్దక్షరాలతో క్షమాపణ వేయి, సంతకం ఇప్పుడే పెడతాను. కానీ పెట్ష్ ఆ ఆడవాళ్లకు మాటలు రాయలేదన్నది నిజం. వాళ్లు తెగించి మాట్లాడితే ఆ గొప్ప ఆయన ఖాతాలో ఎలా పడుతుంది?"

"మొండిదానా, మిల్లు ప్రకటనలు లేకపోతే ఈ పత్రిక ఉండదు!"

"ఆ మాటే వెయ్యి. నీ పత్రికలో అంత నిజం ఈ మధ్య రాలేదు."

ఆర్విడ్ నవ్వబోయి మానుకున్నాడు. శనివారం రెండవ ప్రదర్శన ఉన్నది. అది చూసిన పిమ్మట తేల్చుకొమ్మని గడువిచ్చాడు.

శనివారం మధ్యాహ్నం వెర్నా మొదటి వరుసలో కూర్చున్నది. సమ్మె దృశ్యం వచ్చింది. ఐలీ తల వంచుకొని చెక్కు తీస్తున్నది. కరచాలనం ముగియగానే, మొదటి ప్రదర్శనలో లేని విధంగా, ఐలీ లేవకముందే తెర చటుక్కున పడింది. పెట్ష్ ముందుకు వచ్చి, ముగింపు పాట పాడవలసినదిగా ప్రేక్షకులను కోరాడు.

అప్పుడు తెర కదిలింది. అంచు ఎక్కడున్నదో తెలియక లోపల ఎవరో తడుముకుంటున్నారు. పిమ్మట ఐలీ, ఆమె వెనుక తక్కిన స్త్రీలు, ఏప్రన్లలో బంగాళాదుంప చెక్కులతోనే బయటికి వచ్చి నిలబడ్డారు. పెట్ష్ ఐలీ మోచేయి పట్టుకొన్నాడు. ఆమె విదిలించుకొన్నది.

"పాట తర్వాత పాడుకోవచ్చు, రోలండ్. కూర్చో."

ఆమె మాట్లాడింది. వెర్నా కడవరకు కదలకుండా విన్నది, వ్రాసుకొన్నది.

సోమవారం ఆమె ఇచ్చిన రెండవ విమర్శను ఆర్విడ్ అచ్చువేయలేదు. క్షమాపణ మీద ఆమె సంతకం చేయలేదు. శీర్షిక పోయింది. వెర్నా తన విమర్శను శుభ్రంగా టైపు చేసి, సహకార దుకాణానికి వెళ్లి, అక్కడి ప్రకటనల బోర్డు మీద శుక్రవారపు చేపల విందు ప్రకటనకు, పిల్లి తప్పిపోయిన ప్రకటనకు నడుమ గుండుసూదులతో గుచ్చింది. మొదటి పేరాలోనే తాను సగంలో లేచిపోయిన సంగతి దాపరికం లేకుండా వ్రాసింది. ఈ నాటకాన్ని మిల్లు కోసం మిల్లే చెప్పించుకొన్నదని, దానిని పట్టణానిదిగా మార్చింది వ్రాయబడని మాటలేనని తరువాత వ్రాసింది. పాలకు, రొట్టెకు వచ్చినవారు బుట్టలు నేల మీద పెట్టి మరీ చదివారు.

సాయంకాలానికి ఐలీ వచ్చింది. చివరి పేరా వద్ద ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేమిటి? 'మిసెస్ కోస్కి ఆరంభం గంభీరం. చివరి మాటలను తొందరలో మింగివేసింది. చేతులు ఏమి చేయాలో ఆమెకు తెలియలేదు'... నీ శీర్షిక పోగొట్టుకొని మరీ నన్ను తిడతావా?"

"మింగేశారు. ముందు వరుసలో నాకే సరిగా అందలేదు, వెనక వరుసకు ఎలా వినపడుతుంది?"

"ఆ పెట్ష్‌గాడు మోచేయి లాగుతుంటే నువ్వయితే ఎలా మాట్లాడేదానివి?"

"అది నాకు అనవసరం. మీరు వేదిక ఎక్కి మాట్లాడారు. పెట్ష్‌ను ఎలా చూశానో మిమ్మల్నీ అలాగే చూస్తాను. ముద్దు చేయమంటారా?"

ఐలీ ఆ పేరాను మరల చదివింది. బాగుగా చదివిన పిమ్మట, చేపల విందు కాగితాన్ని ప్రక్కకు జరిపి, వదులుగా ఉన్న గుండుసూదిని బొటనవ్రేలితో లోపలికి నొక్కింది.

"వచ్చే శనివారం ఇంకో ఆట వేయమని అడుగుతాం. వాళ్లు ఒప్పుకోకపోతే చర్చి నేలమాళిగలో వేస్తాం. వెనక వరుసలో కూర్చో. వినపడకపోతే అప్పుడు రాయి."