చదవని కోడ్‌పై ఆయన ఫోటో

యాదగిరన్న ఇక లేరన్న వార్త బుధవారం పొద్దున మా ప్రాజెక్టు గ్రూపులో వచ్చింది. దాని కింద అందరికన్నా ముందు వచ్చిన సంతాపం ఒక బొటనవేలు గుర్తు. వార్త అందిందని దాని భావమై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను. ముందురోజే నా కోడ్‌ను తిప్పిపంపిన మనిషి గుండెపోటుతో వెళ్లిపోయారంటే నమ్మడానికి బుద్ధి ఇప్పటికీ మొరాయిస్తోంది.

ఆయనను ఎరుగని పాఠకులకు కొంత చెప్పాలి. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డారు. డయాలసిస్ రోగులకు వారి వంతు ఎప్పుడో ఫోనుకు సందేశం పంపే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మేము కొందరం తీరిక వేళల్లో రాస్తున్నాం. పలువురు రాసే ఆ కోడ్ ఎవరికైనా ఒకే తీరుగా అర్థం కావాలని నియమాలు ఏర్పరచి, వాటిని కాపాడిన నిష్ఠాగరిష్ఠుడు ఆయన. వరుసల మధ్య ఖాళీలు సరిగా లేకున్నా ఒప్పుకోరని మావాళ్లు ఆయనకు 'ఖాళీల యాదగిరి' అని బిరుదిచ్చారు. బిరుదప్రదానం ఎప్పుడూ ఆయన వెనకాలే జరిగేది.

నేను చేరిన కొత్తలో నా కోడ్‌ను వెనక్కి పంపితే, "అన్నా, నడుస్తోంది కదా" అన్నాను.

"నడుస్తది తమ్మీ, నాకెర్కే. నడుస్తదా అని ఎవరడిగిండ్రు? రేపు నువ్వు లేకుంటే ఇంకొకరు చదువుతరా అని అడుగుతున్న."

ఆదివారం ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన బంధువుల చీరల దుకాణం పైగదిలో కలిసేవాళ్లం. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు పైకి చదవాలి. రాసినవారు నోరు విప్పరాదు. చదివేవారు ఎక్కడ తడబడితే అక్కడ దిద్దాలి. ఇది ఆయన పెట్టిన ఆచారం. ప్రతి వారం మొదట చదివించేది తన కోడ్‌నే. తడబాటు రాగానే, వాదించకుండా, మొహం చిట్లించకుండా దిద్దుకునేవారు. విద్వత్తు కన్నా అరుదైన గుణం అది.

మా సమన్వయకర్త ప్రసాద్ గారిది కోస్తా. ఆయనకు ఈ తతంగం నచ్చేది కాదు. "ఇదేమన్నా పారాయణమా అండీ?" అన్నారొకసారి.

"కాదు సార్. పారాయణంల తప్పు పోతే దేవుడు సర్దుకుంటడు" అన్నారు యాదగిరన్న.

ఆ పూటే ప్రసాద్ గారి కోడ్ చదువుతూ ఒకరు ఆగిపోయారు. ఒక వంతుకూ మరో వంతుకూ మధ్య వ్యవధికి ఆయన పెట్టిన పేరు వట్టి 'గ్యాప్', విలువ రెండు. ఆయన ఉద్దేశం రెండు రోజులు. దాన్ని వాడుకున్న మరో భాగం రెండు గంటలనుకుంది.

"రెండంటే రోజులేనండీ, ఆ మాత్రం తెలీదా?"

"మీకు తెలుసు సార్. మెషీన్‌కు ఎవరు చెప్పిండ్రు? పొద్దున మలక్‌పేటల డయాలసిస్ అయి అబ్దుల్లాపూర్‌మెట్ పోయిన ముసలామెను మధ్యాహ్నం మళ్ల బస్సెక్కిస్తరా?"

సంఖ్య పేరులోనే గంటలో రోజులో ఉండాలన్న నియమం అలా పుట్టింది.

గత ఆదివారం ఎల్బీ నగర్‌లో సంతాపసభ జరిగింది. బిరుదు ప్రదానం చేసినవారంతా వేదిక మీదే ఉన్నారు. ఆయన క్రమశిక్షణ మనకు మార్గదర్శకమని ప్రసాద్ గారు గద్గదస్వరంతో సెలవిచ్చి, అదే ఊపిరిలో, "ఆయన స్మృత్యర్థం కొత్త వెర్షన్ ఈ వారమే విడుదల చేద్దామండీ. మొదటి తెరపై ఆయన ఫోటో ఉంటుంది. ఈ ఒక్కసారికి చదవడం వదిలేద్దాం" అన్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఒక మనిషిని రెండుసార్లు పోగొట్టుకోవడం సాధ్యమేనని నాకు అప్పుడు తెలిసింది.

విడుదలకు ఇద్దరి సమ్మతి కావాలి: యాదగిరన్నది, నాది. ఇంటికెళ్లి ఆ కోడ్ చదివాను. వంతుకు ఎంత ముందు సందేశం పంపాలో చెప్పేచోట వట్టి మూడు అని ఉంది. మూడు గంటలా, మూడు రోజులా? ప్రసాద్ గారికి ఫోన్ చేశాను.

"అది తెలిసిందే కదండీ."

"ఎవరికి సార్?"

"మీరొక్కరే ఆపుతున్నారు. ఆయన ఫోటో కూడా పెట్టాం, జనం ఏమనుకుంటారు?"

"ఆయన ఫోటో పెట్టారనే ఆపుతున్నాను."

నేను సాధారణంగా సరదా మనిషిని. ఆ సాయంత్రం సరదా కొంచెం తగ్గింది. ఫోటో తీసేసి, 'అందరి ముందు పైకి చదవలేదు' అని కారణం రాసి, వెర్షన్‌ను తిప్పిపంపాను. అది ఇంకా అక్కడే ఆగి ఉంది.

అన్నా, నీకు నమస్కరించడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. నీ ఫోటో పక్కన తమ పేర్లుండాలని చాలామంది అడిగారు. సమ్మతి ఇచ్చేచోట నీ పేరు తీసి ఎవరి పేరు పెట్టాలని నేను గ్రూపులో అడిగాను. అందరూ చూశారు. ఈసారి బొటనవేలు కూడా రాలేదు.