తెరలాయన గోడ

నాటకాలకు తెరలు గీసే ఆయన్ని అందరూ తెరలాయన అనే పిలిచేవారు. ఆయన కళాజీవితంలో మూడు మహాయుగాలున్నాయి: వీధి, గది, కొండలు. ఏ నాటకమైనా ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట జరగక తప్పేది కాదు. రచయితలే సర్దుకునేవారు.

ఈ యుగాలకు స్ఫూర్తి ఎక్కడిదని పరిశోధించేవారికి నిరాశ తప్పదు. వీధి అంటే ఆయన భార్య పనిచేసిన కుట్టుదుకాణం ఎదుటి వీధి. సాయంత్రాలు ఆవిడ బయటికొచ్చేదాకా సైకిలు పట్టుకుని నిలబడ్డాడు గనుక అక్కడి ప్రతి కిటికీ రెక్కా ఆయనకు కంఠస్థం. గది అంటే నాటకాల్లో కోటీశ్వరుల హాలు. నిజానికది పళ్ల డాక్టరు దగ్గర రోగులు కూర్చునే గది. లోపల భార్య పన్ను పీకించుకుంటూ పెడుతున్న కేకలు వినలేక, గోడమీది నగిషీలు చూస్తూ గడిపాడు. కొండల్ని మాత్రం బిస్కట్ల డబ్బా మూత మీంచి దించాడు. అసలు కొండలు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు.

తెర గీయాలంటే నాటకాల హాలు నేలంతా గుడ్డ పరిచి, దానిమీదే నిలబడి, పొడుగాటి కర్రకు కట్టిన కుంచెతో గీయాలి. గీసేవాడికి తన కాళ్లచుట్టూ ఉన్నది తప్ప ఏమీ కనబడదు. అందుకని గుడ్డ ఎత్తి కట్టాక భార్య వెళ్లి చివరి వరసలో కూర్చునేది. తీర్పులు అక్కణ్నుంచి వెలువడేవి.

"ఏమండోయ్, మీ గోడ తాగొచ్చింది. పట్టుకోండి!"

"ఎటు తూలుతోంది?"

"ఎడమకి. ఇంకోటి, నిన్నటి కొండ చూస్తే మా పెద్దమామయ్య బోర్లా పడుకున్నట్టుంది. లేపండి పాపం."

ఆయన నిచ్చెనెక్కి సరిచేసేవాడు. చివరి వరసకు తను ఎన్నడూ వెళ్లలేదు. పరాయి శాఖలో వేలుపెట్టడం ఆయనకు నచ్చదు.

పోయిన వానల్లో ఆవిడ జ్వరంతో చనిపోయింది. ఆయన ఏడవలేదు. చుట్టాలు కాసేపు ఎదురుచూసి, తర్వాత నొచ్చుకున్నారు. "రాయి!" అంది వదినగారు. ఆయన దాన్నీ కాదనలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. తనకేమైనా అవుతోందేమోనని అప్పుడప్పుడు లోపలికి తొంగిచూసుకునేవాడు. అక్కడ ఎవరూ ఉన్నట్టు లేరు.

అంతలో గది తెరను ఎలుకలు కొట్టేశాయి. నాటక సమాజం వాళ్లు కొత్తది కావాలన్నారు. గీశాడు. చెయ్యి దానంతటదే నడిచింది. గుడ్డ ఎత్తి కట్టాకే చిక్కొచ్చింది. మొదటిసారి చివరి వరసకు వెళ్లి చూశాడు. అన్ని గోడలూ నిటారుగానే ఉన్నాయి. తన గీతలు తనకెప్పుడూ నిటారుగానే కనిపించాయి, అదే కదా బాధ. గోడ వాలిందో లేదో తేలకుండా తెరను జనం ముందుకు వదలడం ఆయన చేతకాదు. బావమరిదికి కబురుపెట్టి, చివరి వరసలో కూర్చోబెట్టాడు.

"ఎలా ఉందిరా?"

"అద్భుతం బావా!"

"గోడ వాలిందా?"

"వాలితే మాత్రం ఏం? నీ చెయ్యి పడ్డాక అదే అందం."

"సరిగ్గా చూసి చెప్పరా బాబూ."

"నువ్వెలా అంటే అలాగే బావా. మా అక్క ఉంటే ఎంత మెచ్చుకునేదో!"

భార్య తనను ఒక్కసారైనా మెచ్చుకున్నట్టు ఆయనకు గుర్తు లేదు. బావమరిదికి టీ ఇప్పించి పంపేశాడు.

నాటకం రోజున వెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఎవరో ఒకామె, ఒళ్లో సంచీ. తెర కనబడగానే ఆమె తల కొంచెం వంచింది.

"ఆ గోడ ఒరిగినట్టు లేదూ?" అంది, తనలో తను అనుకున్నట్టు.

ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. "ఎటు?"

"ఆఁ?"

"ఎటు ఒరిగిందమ్మా? ఎడమకా?"

"ఎడమకే."

"ఎంత?"

"ఏమోనండీ... జానెడు. కాస్త నాటకం చూడనివ్వండి."

"పైనా, కిందా?"

ఆమె సంచీ తీసుకుని దూరంగా వెళ్లి కూర్చుంది.

మర్నాడు ఆయన నిచ్చెన వేసుకుని గోడను జానెడు కుడికి జరిపాడు. సాయంత్రం మళ్లీ చివరి వరసలో కూర్చుని అటూ ఇటూ చూశాడు. ఆమె రాలేదు. చూసిన నాటకమే మళ్లీ చూడాల్సిన ఖర్మ ఆమెకేం? పక్కన ఒక పెద్దమనిషి చక్కగా గురక పెడుతున్నాడు.

ఆయన కాసేపు ఓపికపట్టాడు. తర్వాత మోచేత్తో పొడిచి లేపాడు.