అత్తయ్య కుండలో నీళ్ళు

మొన్న తెనాలిలో బంధువుల ఇంట పెళ్ళి భోజనాలకు వెళితే, విస్తరి పక్కన చంటిపిల్లల పాలసీసా అంత నీళ్ళ బాటిలు పెట్టారు. దాని మూత తిప్పడం నా వేళ్ళకు చేతకాక పక్కనున్న అమ్మాయిని బతిమాలుకోవలసి వచ్చింది. బంతి లేచాక చూద్దును కదా, సగం తాగి వదిలేసిన బాటిళ్ళలోని నీళ్ళన్నీ ఒక గంగాళంలో ఒంపేసి, ఖాళీవాటిని గోనెసంచుల్లో కూరుతున్నారు. మా మేనత్త గనక అక్కడుంటే ఆ పెళ్ళివారిని నాలుగు దులిపి గానీ ఇంటికి వెళ్ళేది కాదు.

అత్తయ్యది రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర పల్లె. ఏ బావి తవ్వినా ఉప్పునీళ్ళే పడేవి కనుక తాగడానికి కాలవ నీళ్ళే దిక్కు. వేసవి సెలవులు అయిపోవచ్చే వేళకు కాలవకు కొత్తనీరు వచ్చేది, అదేమో ఎర్రగా, బురదగా, చూస్తేనే దాహం చచ్చిపోయేలా ఉండేది. అత్తయ్య సాయంత్రం బిందెలు తెచ్చుకుని, చిల్లగింజను సానరాయి మీద అరగదీసి ఆ గంధం నీళ్ళలో కలిపి మూతపెట్టేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. అప్పుడు బిందె కదలకుండా పైనుంచి తేటనీళ్ళు పల్చటి పంచెగుడ్డలో వడగట్టి, నాలుగు వట్టివేళ్ళు వేసిన కుండలో పోసుకునేది. ఆ సమయంలో మేం పిల్లలం వంటింట్లో గంతులేస్తే వీపు విమానం మోతే.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, మా అత్తయ్య అడగకముందే నీళ్ళిచ్చేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా, చుట్టమైనా, కోతకూలీలైనా, చేపల గంప దించుకున్న అమ్మయినా, ముందు చెంబు చేతికిచ్చి, వాళ్ళు గటగటా తాగుతుంటే మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆమెకు నగల మీద ఆశ లేదు, చీరల మీద మోజు లేదు, ఎవరైనా తాగి ‘అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా’ అంటే చాలు, ఆ పూటకు కడుపు నిండిపోయేది. తన నీళ్ళంటే అంత గర్వం.

నేను బాపట్లలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు చూసిపోదామని వచ్చింది. అక్కడ ఇసకనేల, నేను అద్దెకున్న ఇంటి బావిలో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని ఊరంతా చెప్పుకునేవారు. అత్తయ్య ఒక గుక్క తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని, మింగి, బాగానే ఉన్నాయి గానీ కాస్త సప్పిడి అని తేల్చేసింది. గుంటూరు నీళ్ళు బరువట, భట్టిప్రోలు నీళ్ళకు పప్పు ఉడకదట. ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి నీళ్ళకు ఏదో ఒక వంక పెట్టకుండా తిరిగొచ్చేది కాదు. మేం నవ్వుకునేవాళ్ళం.

తరవాత ఇంటికి కుళాయి వచ్చింది. ఆ నీళ్ళూ కాలవ నుంచి వచ్చేవే గనక అత్తయ్య వాటినే వడగట్టి కుండలో పోసి తన మర్యాద నిలుపుకుంది. క్యాను నీళ్ళ ఆటో వీధిలోకి వచ్చినా ఖాతరు చేయలేదు. కిందటేడు మనవడికి సంబంధం చూడడానికి వచ్చిన ఆడపిల్ల తరఫువాళ్ళు మాత్రం ఆమె అందించిన చెంబును అరుగు మీద పెట్టేసి, సంచుల్లోంచి తమ బాటిళ్ళు తీసుకుని తాగారట. పెడసరంగా ఏమీ అనలేదట, నవ్వుతూనే తాగారట. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా అత్తయ్య చెంబు ముట్టుకోవడం మానేసిందని, అత్తయ్య దగ్గరే ఉండే ఆమె కూతురు, మా వదిన చెప్పింది.

అది విని ఉండబట్టలేక వెళ్ళాను. ఎండన పడి వచ్చాను, నీ కుండలో నీళ్ళే కావాలని పట్టుబట్టాను. ‘నీకు పడవేమోనమ్మా’ అని నసిగి, లోపలికి వెళ్ళి చాలాసేపటికి అదే ఇత్తడి చెంబు తెచ్చింది. మొదటి గుక్కకే తెలిసిపోయింది, వట్టివేళ్ళ వాసన లేదు, ఏ రుచీ లేదు. బాటిలు నీళ్ళు చెంబులో పోసి తెచ్చింది. అప్పటి రుచే అత్తా, అన్నాను. ఆమె మాత్రం ఎప్పటిలా నా మొహంలోకి చూడలేదు, కొంగుతో అరుగు దులుపుతూ ఉండిపోయింది. లేచి వెళ్ళి కుండలోంచి నేనే ముంచుకుని తాగి ఉండవలసింది. ఆ ఆలోచన బస్సెక్కాక గానీ రాలేదు.

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడే మళ్ళీ వెళ్ళాను, ఈసారి ముంచుకునే తాగుదామని. కుండ ఉండే చోట స్టాండు మీద క్యాను ఉంది. కుండ తీసేసి అది పెట్టించిన మా వదిన తప్పేమీ లేదు, ఇప్పటి కాలవల్లో ఏం కలుస్తోందో మనకందరికీ తెలుసు, నేను మాత్రం ఇంట్లో తాగుతున్నది క్యాను నీళ్ళే కాదూ! కానీ దారినపోయే వాళ్ళందరి దాహం తీర్చిన మనిషికి సొంత మేనకోడలికి గుక్కెడు నీళ్ళివ్వడానికి చేయి రాకుండా చేశామే, ఆ బాధ మాత్రం మింగుడు పడడం లేదు.

ఏదో ఒక వంక పెడుతుందన్న ఆశతో, ఈ నీళ్ళెలా ఉన్నాయత్తా అని అడిగాను.

‘నీళ్ళే కదమ్మా, ఏవైతే ఏంటి?’ అంది.